తీరపల్లెను రాసేముందు గాలి ఎటుందో చూసుకో

తిరువాన్మియూరు,
చెన్నై.

చిరంజీవి అమ్మాయికి,

నీ కథ చదివాను. మనుషులు బాగా కుదిరారు. అత్తాకోడళ్ళు ఒకే బేసినులో చేపలు మోసుకొచ్చి, వాడుక ఇళ్ళు ఎవరివి ఎవరివని వీధి మొగలో తగువు పడే చోట ఒక్క మాట కూడా మార్చకు. ఊరు మాత్రం కథలోకి రాలేదు. ఇసుక, కొబ్బరిచెట్లు, పడవ, పైన తెల్లటి సముద్రపక్షులు: ఇదంతా గోడ క్యాలెండరులో దొరుకుతుంది. పెరంబూరులో ఉంటూ, పొద్దున బయల్దేరితే చేరుకోగలిగే అసలు ఊళ్ళను వదిలి క్యాలెండరు చూసి రాయాల్సిన పనేముంది?

మూడో పేజీలో మీ పార్వతి సాయంత్రం ఒడ్డున కూర్చుని, సూర్యుడు సముద్రంలో మునగడం చూస్తుంది. ఊరు పులికాట్‌కు పైన ఉందని రాసింది నువ్వే. ఇచ్ఛాపురం నుంచి చెన్నై దాకా మన తీరానికి సముద్రం తూర్పున. సూర్యుడు దిగేది ఊరి వెనక, తాడితోపుల్లో. సాయంత్రం అయిదయ్యేసరికి ఇళ్ళ నీడలు, ఒడ్డుకు లాగిన పడవల నీడలు నీళ్ళ వైపు సాగుతాయి. సముద్రం మీద ఇంకా వెలుగుంటుంది, ఇసుక మాత్రం చల్లబడుతుంది. ఎర్రటి సూర్యుడు నీళ్ళలోకి దిగే దృశ్యం పడమటి తీరానిది. సినిమాల్లో చూసీ చూసీ అది మన కళ్ళకు అంటుకుపోయింది.

చంద్రుడితో కూడా ఇదే చిక్కు. తొమ్మిదో పేజీలో చీకటి పడగానే సన్నటి నెలవంక సముద్రంలోంచి లేచింది. సాయంత్రం కనబడే విదియ, తదియ చంద్రుడు పడమటనే ఉంటాడు, కాసేపటికి ఊరి వెనకే దిగిపోతాడు. నెలవంక సముద్రంలోంచి లేవాలంటే బహుళ త్రయోదశి ప్రాంతంలో, తెల్లవారకముందు లేవాలి. సంధ్యవేళ సముద్రంలోంచి వచ్చేది పున్నమి చంద్రుడొక్కడే. ఆ తర్వాత రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతాడు, బహుళ అష్టమికి అర్ధరాత్రి అవుతుంది. అందుకని కథలో ప్రతి రాత్రికీ ముందు తిథి వేసుకో. పంచాంగం పక్కన పెట్టుకుని రాయడం చాదస్తమనిపిస్తుంది గానీ, ఆ ఊరివాళ్ళు చేసేది అదే.

తిథి వేసుకున్నావంటే పోటుపాట్లు కూడా లెక్కకు వస్తాయి. ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు. నువ్వు వెళ్ళే రేవులో పున్నమినాడు పోటు ఎన్నింటికి వస్తుందో ఒక్కటి అడిగి రాసుకో. అక్కడి నుంచి రోజుకు 50 నిమిషాలు కలుపుకుంటూ పోతే పదో రోజు పోటు వేళ ఇంట్లో కూర్చునే చెప్పగలవు. అయితే చెన్నై దగ్గర పున్నమి, అమావాస్యల్లో కూడా పోటుకూ పాటుకూ తేడా మీటరుకు అటూ ఇటూ మాత్రమే. అష్టమి రోజుల్లో ఇంకా తగ్గిపోతుంది. ఒడ్డు వాలుగా ఉంటుంది కాబట్టి నీటి అంచు కొన్ని బారలు జరుగుతుంది, అంతే. నువ్వు రాసినట్టు "సముద్రం అరమైలు వెనక్కి వెళ్ళిపోయింది" అంటే, సునామీ వచ్చిన 2004 డిసెంబరు 26 పొద్దున్ని చూసినవాళ్ళు పుస్తకం మూసి లేచి వెళ్ళిపోతారు.

ఇక గాలి. తీరపల్లెలో అన్నిటికన్నా ముందు రాసుకోవాల్సింది ఇదే, నీ కథలో ఒక్కసారీ లేనిదీ ఇదే. తెల్లవారుజామున గాలి నేల మీది నుంచి సముద్రం వైపు వీస్తుంది. అప్పుడు నీళ్ళ పైభాగం నున్నగా ఉంటుంది, దూరంగా వెళ్ళే ఇంజను చప్పుడు గాలికి కొట్టుకుపోయి ఒడ్డుకు సన్నగా వినిపిస్తుంది. నేల వేడెక్కాక, మధ్యాహ్నం పన్నెండు రెండు మధ్య, సముద్రపు గాలి తిరుగుతుంది. తిరిగిన కాసేపటికే నీళ్ళ మీద తెల్లటి నురగలు లేస్తాయి, ఆరేసిన వలలు ఊరి వైపు ఎగురుతాయి, వంటింటి పొగ దిశ మార్చుకుంటుంది. జూన్‌లో పడమటి గాలి బలంగా ఉన్న రోజుల్లో సముద్రపు గాలి బాగా ఆలస్యమవుతుంది, ఒక్కోసారి రానే రాదు. ఆ రోజుల్లో జనానికి కోపం త్వరగా వస్తుంది. నీ అత్తాకోడళ్ళ తగువును అలాంటి రోజుకు మార్చి చూడు, ఏ వర్ణనా అక్కర్లేకుండానే ఊరు కథలోకి వస్తుంది.

తెరచాపల కాలంలో నేలగాలితో బయటికి వెళ్ళి సముద్రపు గాలితో ఇంటికి వచ్చేవాళ్ళు. ఇంజన్లు వచ్చాక కూడా ఆ వేళలు పూర్తిగా పోలేదు, ఎందుకంటే పొద్దున్నే నున్నటి నీళ్ళలో వల వేయడం సులువు, బేరం కూడా ఉదయమే సాగుతుంది. అందుకే మిట్టమధ్యాహ్నం పల్లె నిద్రపోతున్నట్టుంటుంది. "సోమరి ఊరు" అని నువ్వు రాసిన మాట కొట్టెయ్యి. ఆ మగవాళ్ళు రాత్రి రెండింటికి లేచినవాళ్ళు.

నెల ఏదో తేల్చుకోకుండా ఒక్క వాక్యం కూడా రాయకు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, తుపాన్లు. 2016 డిసెంబరు 12న వార్దా చెన్నై దగ్గరే తీరం దాటింది. ఆ నెలల్లో ఒడ్డు వెంట నీటి ఒరవడి ఉత్తరం నుంచి దక్షిణానికి, ఫిబ్రవరి మార్చి తర్వాత దక్షిణం నుంచి ఉత్తరానికి. వేసిన వల ఎటు కొట్టుకుపోతుందో దీన్నిబట్టే ఉంటుంది కాబట్టి జాలరి పొద్దున్నే ఒడ్డున నిలబడి చూసేది అందాన్ని కాదు, నురగ ఎటు జరుగుతోందో, నీటి రంగు ఎక్కడ మారుతోందో చూస్తాడు. పార్వతి తండ్రిని "సముద్రాన్ని తదేకంగా చూస్తూ" నిలబెట్టావు కదా, అతను ఏం చూస్తున్నాడో కూడా రాయి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పు తీరంలో వేట నిషేధం. తమిళనాట అది పెద్ద మరబోట్లకు. ఆంధ్రలో ఇంజను బిగించిన చిన్న పడవలకు కూడా. పులికాట్ చుట్టుపక్కల కథ పెడితే నీ ఊరు సరిహద్దుకు ఎటువైపుందో తేల్చుకోక తప్పదు. నీ కథ మే నెలలో జరుగుతోంది, అందులో పెద్ద బోటు వేటకు వెళ్ళింది! మేలో ఆ బోట్లు చెన్నై కాసిమేడు రేవులో పక్కపక్కనే కట్టేసి ఉంటాయి. అడుగు గీకి రంగు వేయడం, ఇంజను విప్పడం, చిరిగిన వలలు అల్లడం, పాత అప్పు మీద కొత్త అప్పు తేవడం ఆ రెండు నెలల పనులు. శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడి బోట్ల మీద పనికి వచ్చేవాళ్ళున్నారు. 2020 లాక్‌డౌన్‌లో ఇక్కడ చిక్కుకుపోయినవాళ్ళు కొందరు పడవ కొనుక్కుని సముద్రం మీదుగానే సొంతూళ్ళకు చేరారు. ఇదంతా నిషేధకాలం కథకు పనికొచ్చే సరుకు.

పడవల విషయంలో నువ్వు "నాటు పడవ" అని రాసి వదిలేశావు. అది తెప్పా, నావా, ఫైబరు బోటా? తెప్ప అంటే తేలిక దుంగలను తాళ్ళతో కలిపి కట్టింది. నీళ్ళు దుంగల సందుల్లోంచి పైకి వస్తూ పోతూనే ఉంటాయి, మునగడానికి అందులో గుంటే లేదు. ఒడ్డుకు వచ్చాక కట్లు విప్పి దుంగలను ఆరబెడతారు. ఆరబెట్టకపోతే కర్ర నీళ్ళు తాగి బరువెక్కుతుంది. సునామీ తర్వాత సాయంగా వచ్చినవీ కొన్నవీ కలిసి ఒడ్డంతా ఫైబరు బోట్లతో నిండిపోయింది, తెప్పలు తగ్గిపోయాయి. ఇవాళ్టి కథలో అందరూ తెప్పల మీదే వెళ్తుంటే అది ఇవాళ్టి ఊరు కాదు.

పడవను నీళ్ళలోకి దించే ఘట్టం నీ కథలో రెండు లైన్లలో అయిపోయింది. అది ఒక పేజీకి సరిపడే పని. అల తన ఎత్తుకన్నా కొంచెం ఎక్కువ లోతున్న చోటికి రాగానే విరుగుతుంది, అంటే మీటరు అల దాదాపు మీటరుంపావు లోతులో. పడవ దాటాల్సింది ఆ విరిగే పట్టీనే. పెద్ద అలలు గుంపుగా వచ్చి, తర్వాత కాసేపు తెరిపి ఇస్తాయి. నడుంలోతు నీళ్ళలో పడవ ముక్కును అలకు ఎదురుగా పట్టుకుని ఆ తెరిపి కోసం కాచుకుంటారు. ఫ్యాను ఇసుకకు తగలకుండా ఇంజనును పైకెత్తి ఉంచి, లోతు అందగానే దించి తాడు లాగుతారు. అంటుకుంటే సరి. అంటుకోకపోతే పడవ అడ్డం తిరుగుతుంది, తర్వాతి అల పక్కనుంచి కొట్టి బోర్లా వేస్తుంది. ప్రమాదాలు నడిసముద్రంలోనే జరుగుతాయని కొత్తవాళ్ళు అనుకుంటారు. ఒడ్డున కూర్చున్న ముసలివాళ్ళు లేచి నిలబడేది ఈ నాలుగు నిమిషాలకే.

వలల్లో నీకు బాగా పనికొచ్చేది అలివి వల. ఎందుకంటే దాన్ని ఒడ్డునుంచే లాగుతారు, ఊరంతా అందులో కనిపిస్తుంది. రెండు పొడవాటి తాళ్ళు, వాటికి రెండు రెక్కలు, మధ్యలో సంచి. రెక్కల్లో కన్ను పెద్దది, సంచి దగ్గరికి వచ్చేసరికి బాగా చిన్నది. పై అంచుకు బెండ్లు, కింది అంచుకు సీసం గుళ్ళు. ఒక తాడు కొస ఒడ్డున వదిలి, పడవ అర్ధచంద్రాకారంగా తిరుగుతూ వల జారవిడిచి, రెండో కొసను దూరంగా ఒడ్డుకు తెస్తుంది. ఇక రెండు జట్లు, ఒక్కో జట్టులో పదిమంది పైగానే, వెనక్కి నడుస్తూ లాగుతారు. బాగా వెనక్కి వచ్చేసినవాడు తాడు వదిలి, నీళ్ళ అంచుకు నడిచి వెళ్ళి మళ్ళీ ముందు పట్టుకుంటాడు. ఇలా తాడు వెంట మనుషులు తిరుగుతూనే ఉంటారు. వెనక ఒకడు కూర్చుని తాడు చుట్ట చుడతాడు, ఆ పని సాధారణంగా వయసు మళ్ళినవాడిదో పిల్లాడిదో. లాగేకొద్దీ రెండు జట్లూ దగ్గరికి జరుగుతాయి. మొత్తం రెండు మూడు గంటలు. ఒక జట్టు తొందరపడితే వల వంకరపోతుంది, కింది అంచు నేల వదిలి పైకి లేస్తుంది, చేప ఆ సందులోంచి పోతుంది. అప్పుడు పడే తిట్లు రాయగలిగితే ఊరి బంధుత్వాలన్నీ బయటికి వస్తాయి. నీళ్ళలో దిగి సంచి చుట్టూ కాళ్ళు తన్నేవాళ్ళు చివరి పావుగంటలో కావాలి. సంచి ఒడ్డుకు వచ్చాక లోపల ఏముంటుందో చెప్పలేం. నెత్తళ్ళు, కవళ్ళు బస్తాల కొద్దీ ఉండొచ్చు, ప్లాస్టిక్ సంచులూ జెల్లీ చేపలే ఉండొచ్చు. రెండోది జరిగిన రోజున ఎవరూ మాట్లాడుకోరని రాయకు. బాగానే మాట్లాడుకుంటారు.

మిగతా వలల గురించి ఒక్క సంగతి చాలు. చేప తల దూర్చి మొప్పల దగ్గర చిక్కుకునే వల పెట్టినప్పుడు అసలు శ్రమ ఒడ్డుకు వచ్చాకే మొదలు. ఒక్కో చేపనూ విడదీయాలి. పీతలైతే మరీను, కాలు విరిగితే ధర పడిపోతుంది. పొద్దున ఏడుకు ఒడ్డున మగవాళ్ళూ ఆడవాళ్ళూ వల చుట్టూ వంగి కూర్చునేది ఇందుకే.

డబ్బు నడిచే దారి నీ కథలో లేదు. నీ పార్వతి తండ్రి వంజరం పట్టి, నేరుగా నగరానికి వెళ్ళి మంచి ధరకు అమ్ముకుంటాడు. నిజానికి పడవకో ఇంజనుకో అడ్వాన్సు ఇచ్చిన వ్యాపారి ఒడ్డునే ఉంటాడు, చేప అతనికే వేయాలి, ధర అతను చెప్పిందే, పైగా కమిషను కోత. నూనె, ఐసు, తిండి ఖర్చు తీశాక మిగిలింది వాటాలు: పడవకు, ఇంజనుకు, వలకు, మనిషికి. ఏ వాటా ఎంతన్నది ఊరికో తీరు, కాబట్టి నువ్వు రాసే ఊళ్ళోనే అడుగు. ఇంటి కూరకు తీసే నాలుగు చేపలు లెక్కలోకి రావు. చిన్న రేవుల్లో తూకం లేకుండా కుప్పను కంటితో చూసి వేలంపాట పాడతారు. కొనే ఆడవాళ్ళ కంటి లెక్క తప్పితే ఆ రోజు నష్టం వాళ్ళదే. ఐసు చేపకు సమానంగా పడాలి. సగం వేసి బస్సెక్కితే మధ్యాహ్నానికి కళ్ళు గుంటపడతాయి, మొప్పల ఎరుపు పోతుంది, కొనేవాళ్ళు మొదట చూసేది ఆ రెండే. ఇదంతా తెలిస్తే నీ అత్తాకోడళ్ళ తగువుకు ఇంకా బలం వస్తుంది.

వాసన. "ఊరంతా చేపల కంపు" అన్నావు. అప్పుడే పట్టిన చేపకు కంపు ఉండదు. ఉన్న వాసనలను విడివిడిగా రాయి: డీజిలు, కిరసనాయిలు, తడి తాడు, మురుగు, ఎండుచేప. నెత్తళ్ళు మంచి ఎండలో ఒకటి రెండు రోజుల్లో ఎండుతాయి. పెద్ద చేపను చీల్చి, నాలుగు కిలోలకు కిలో చొప్పున ఉప్పు దట్టించి, ఆ తర్వాత ఎండబెడతారు. నేరుగా ఇసుక మీద పోస్తే సరుకుకు ఇసుక పట్టి ధర తగ్గుతుంది, అందుకని పాత వల పరిచి పోస్తారు. మబ్బు పట్టిందంటే ఈగలు, ఆ తర్వాత పురుగు. నిజమైన కంపు వచ్చేది అప్పుడు, ఎవరికో నష్టం వచ్చినప్పుడు.

చెట్లూ పక్షులూ త్వరగా చెప్పేస్తాను. చెన్నై ఉత్తరాన తీరంలో కొబ్బరికన్నా సరుగుడు, తాడి ఎక్కువ కనిపిస్తాయి. సరుగుడు 19వ శతాబ్దంలో వంటచెరకు కోసం నాటడం మొదలైన చెట్టు, కాబట్టి డచ్చివాళ్ళు పులికాట్‌లో కోట కట్టిన 1613 నాటి కథలో దాన్ని పెట్టకు. ఇసుక దిబ్బల మీద ఊదారంగు పూల బాలబంద తీగ, ముళ్ళబంతుల్లాంటి రావణాసురుడి మీసాలు. తెల్లటి సముద్రపక్షులు చలికాలపు వలస చుట్టాలు, మేలో దాదాపు ఉండవు. మేలో ఎక్కువగా ఉండేవి కాకులు, కొంగలు, గరుడ పక్షులు. జనవరి నుంచి మార్చి దాకా రాత్రుళ్ళు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి, ఒక్కో గూట్లో వందకు పైగా. చెన్నై ఒడ్డున విద్యార్థులు 1988 నుంచి ఆ గూళ్ళను వెతికి కాపాడుతున్నారు. 2025 జనవరిలో అదే ఒడ్డుకు చచ్చిన తాబేళ్ళు వందల్లో కొట్టుకొచ్చాయి. రాత్రి నీళ్ళు నీలంగా మెరవడం 2019 ఆగస్టులో తిరువాన్మియూరు వాళ్ళంతా చూశారు. అది సూక్ష్మజీవుల వెలుగు. అరుదు, ప్రతి ప్రేమ సన్నివేశానికీ పనికిరాదు.

నువ్వు అసలు గమనించనిది ఒకటుంది: ఒడ్డు నిలకడగా ఉండదు. ఏడాది మొత్తం మీద ఈ తీరంలో ఇసుక ఉత్తరానికి నడుస్తుంది. 1870ల్లో చెన్నై రేవు కట్టడం మొదలుపెట్టి సముద్రంలోకి గోడలు వేశాక, ఆ ఇసుక దక్షిణాన ఆగి మెరీనా వెడల్పయింది. ఇసుక అందక ఉత్తరాన రాయపురం, తిరువొత్తియూరు తీరం కోసుకుపోయింది, ఇప్పుడక్కడ బండరాళ్ళ గోడలు. బండరాళ్ళున్న చోట పడవ లాగడానికి ఇసుక ఉండదు, అలివి వల లాగడానికి చోటుండదు, వల ఆరేయడానికీ ఉండదు. కాకినాడ దగ్గర ఉప్పాడలోనూ సముద్రం ఊరిని తింటూ వస్తోంది. నీ ఊరు పెరిగే ఒడ్డా, తరిగే ఒడ్డా? పెరిగేదైతే తాత ఇల్లు ఇప్పుడు నీళ్ళకు దూరం. తరిగేదైతే తాత ఇల్లు నీళ్ళలో. నదీముఖమో సరస్సు ముఖద్వారమో ఉంటే ఎండాకాలంలో ఇసుక మేట వేసి మూసుకుపోతుంది, లోపల రొయ్యలు పట్టేవాళ్ళకు అదే పెద్ద బెంగ. పులికాట్ సరస్సులో ఏ చోట ఎవరు వల వేయాలన్నది వంతుల ప్రకారం నడిచే, "పాడు" అని పిలిచే పద్ధతి ఉంది. కథకు కావలసిన తగువులు అందులోనే బోలెడు.

మాట తీరు గురించి. సరిహద్దు ఊళ్ళలో తెలుగులో అరవం కలుస్తుంది, అది ఒప్పుకో. ప్రతి పదాన్నీ వాళ్ళు పలికినట్టే రాయాలని తాపత్రయపడకు. రెండు క్రియల విరుపు, నాలుగు పనిముట్ల పేర్లు, పిలుపులు సరిగ్గా పడితే చాలు. చేపకు ఆ రేవులో ఏ పేరుంటే అదే రాయి.

ఎలా చూడాలో కూడా అడిగావు. సెంట్రల్ పక్కనుంచి గుమ్మిడిపూండి లోకల్ ఎక్కి పొన్నేరిలో దిగు, అక్కడి నుంచి పళవేర్కాడుకు, అంటే పులికాట్‌కు, బస్సుంది. అంత దూరం వెళ్ళలేని రోజు బెసంట్ నగర్ పక్కనున్న ఊరూరు కుప్పం చాలు. అడయారు ముఖద్వారం, ఇసుక మేట, ఫైబరు బోట్లు, వల విడదీసే జనం, అన్నీ నడక దూరంలోనే. తెల్లవారుజామున ఐదుకల్లా చేరు. మొదట ఫోను తీయకు, ఫొటో తీస్తే పని ఆగిపోతుంది, నిలబడి నవ్వుతారు. చేతిలో వల ఉన్నవాణ్ణి ఏమీ అడగకు, తాడు చుట్టేవాడికి తీరికుంటుంది. ఆడవాళ్ళను అడగాలంటే పాట అయిపోయాక, చేపలు అమ్ముడయ్యాక. గుడి దగ్గర కుర్చీలేసుకున్న పెద్దలకు నువ్వెవరో ఏం రాస్తున్నావో ముందే చెప్పు, దాచావంటే రెండోసారి రానివ్వరు. ఒకే చోట నిలబడి పొద్దున ఐదుకు, పదికి, మధ్యాహ్నం రెండుకు, సాయంత్రం ఐదుకు ఏం కనబడిందో నాలుగు ముక్కలు రాసుకో: గాలి ఎటు, నీడ ఎటు, ఎవరున్నారు, చేతిలో ఏముంది. ఆ నాలుగూ పక్కపక్కన పెట్టుకుంటే వర్ణన కోసం వెతుక్కోనక్కర్లేదు.

రెండో చిత్తు పంపేటప్పుడు ప్రతి ఘట్టం అంచున నెల, తిథి, గాలి పెన్సిలుతో వేసి పంపు. పెద్ద బోట్లు బయటికి వెళ్ళిరావడం చూడాలంటే ఏప్రిల్ 15 లోపల వెళ్ళు. లేదా కథను మేలోనే ఉంచి, ఆ బోటును రేవులో కట్టేసి రాయి. నాకైతే రెండోదే బాగుంటుందనిపిస్తోంది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు